నాలుగు వేళ్ళ ఎత్తు

బానెట్ విప్పి గోడకి చేరేశాం.
దాని నీడలోకి కోడి తన పిల్లల్ని తోలుకొచ్చింది.

పదిహేడేళ్ళు కాశీబుగ్గ బట్టీలకి
జీడిపిక్కల బస్తాలు మోసిన బండి.
మొన్న కోసంగిపురం దాటాక
ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.
"పిస్టను పట్టీసింది బావూ,
ఇంజను దింపి నా కాడికి అట్టుకొచ్చీ" అన్నాడు
బెహరా మేస్త్రి, ఫోనులోనే.
దింపడానికి కూలి ఎంతో కూడా చెప్పాడు.
అందుకే ఇంటిదగ్గరే దింపుతున్నాం,
నేనూ, నా పెళ్ళాం లోలాక్షీ.

మూడు సరుగుడు దుంగలు, తలలు కలిపి కట్టాను.
నడుమ గొలుసు కప్పీ.
రోజుకి నూటేభై, సాయంత్రం ఆరులోగా అప్పగించాలి.

ముందు నీళ్ళు వదిలాం. తుప్పు రంగు, పలచటి చారులా.
తర్వాత ఆయిలు.
రావడం ఇష్టం లేనట్టు
తాడులా సాగి సాగి తట్టలో పడింది.
లోలాక్షి వేలు ముంచి చూసి
"మా బట్టీ నూని కన్నా ఇదే నయిం,
తోలూడదు" అంది.
ఆమె వేళ్ళు జీడికి నల్లబడ్డవి,
నావి దీనికి.
పెళ్ళిచూపులనాడు
ఇద్దరం చేతులు వెనక్కే పెట్టుకున్నాం.

ఊడదీసిన ప్రతి వైరుకీ
పాత చీర అంచు చింపి ముడేసింది.
పసుపు ముడి డైనమోకి, ఎర్రది సెల్ఫుకి,
రెండు ముళ్ళుంటే "నాకు తెల్దు, నువ్వే సూసుకో".
బోల్టులన్నీ కోడిగుడ్ల అట్టలో.
సైలెన్సర్ నట్లు మూడు కదిలాయి.
నాలుగోది రాత్రంతా కిరోసిన్ తాగి కూడా
తల తెంచుకుంది గానీ తిరగలేదు.
దాన్ని నేను తిట్టిన తిట్లకి
పక్కింటి తవిటమ్మ పిన్ని కిటికీ మూసుకుంది.

గేరుబాక్సు కింద జాకీ పెట్టి
బండి కింద వెల్లకిలా దూరాను.
పై బోల్టు కంటికి కనబడదు.
కరెంటు పోయిన రాత్రి అగ్గిపెట్టె కోసంలా
వేళ్ళతోనే వెతకాలి.
మట్టి, గ్రీజు, ఎలుక పోగేసుకున్న జీడిపొట్టు,
ఆ తర్వాత చల్లగా, పొడుగ్గా,
బోల్టు కానిదేదో.

లాగాను.
పన్నెండో నంబరు స్పానరు.

దాని మెడకి ఎర్ర టేపు చుట్టింది నేనే.
ఆరేళ్ళ కిందట అది కనబడలేదని
దాలప్పని చెంప మీద కొట్టిందీ నేనే.
పదహారేళ్ళ గుంటడు, క్లీనరు.
"పాత ఇనపోడికి ఎంతకి అమ్మీసినావురా?"
"నాను తియ్యలేదు బావూ" అని
ఒక్కసారే అన్నాడు.
సీటు కిందనుంచి తన లుంగీ, దువ్వెన తీసుకుని
దిగిపోయాడు. ఆ నెల జీతం నా దగ్గరే ఉండిపోయింది.

ఆరేళ్ళు. లక్ష కిలోమీటర్లో, ఇంకా ఎక్కువో.
ప్రతి గతుకులోనూ ఇది
నా కాళ్ళ ముందే పడుకుని ఉంది.
అప్పుడప్పుడూ టిక్కు టిక్కుమంటే
క్లచ్ ప్లేటేమో అనుకునేవాణ్ణి.

"దొరికినాదా?" పైనుంచి లోలాక్షి.
బోల్టు గురించే అడిగింది.
"దొరికింది" అన్నాను.

గొలుసు లాగుతుంటే దుంగలు మూలిగాయి.
ఇంజను ముందు కదల్లేదు,
తర్వాత ఓ పక్కకి ఒరిగి
చిన్న చప్పుడుతో గేరుబాక్సుని వదిలేసి
గాల్లో మెల్లగా తిరిగింది.
ఇంత చిన్నదా అనిపించింది.
అప్పుడు చూశాం,
బండి ముక్కు తనంతట తనే పైకి లేచింది.
లోలాక్షి చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచింది.
నాలుగు వేళ్ళు.
"బరువు దిగితే దీనికీ మెడ లేస్తాది" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.

పాత టైరు మీదికి ఇంజను దించాం.
కారిన నూనె మీద బూడిద చల్లాం.
స్పానరు కిరోసిన్‌లో కడిగితే
టేపు ఇంకా ఎర్రగానే ఉంది.

ఐదు దాటింది. కప్పీ తిరిగిచ్చెయ్యాలి.
అద్దె షాపు మందస రోడ్డులో.
దానికి రెండు కొట్లు ఇవతలే
దాలప్ప పంచర్లు వేసుకుంటాడు.
ఇన్నాళ్ళూ అక్కడ హారను కొట్టకుండా పోయేవాణ్ణి.

సైకిలు వెనక గొలుసు కట్టింది లోలాక్షి.
చొక్కా ఓ పక్కకి జారుతోంది.
"అదేటి జేబులో?"
"ఒకలిది" అన్నాను.

వెనక టైరు మెత్తగా ఉంది.
ఇంట్లో పంపు ఉంది.
గాలి కొట్టలేదు.